నాలుగు కండెల ఆలస్యం

మొదట్లో సగం కండె కూడా పట్టేది కాదు. లాప్‌టాప్ బటన్ నొక్కి, రాట్నం ముందు కూర్చుని కండెకు నూలు చుట్టడం మొదలుపెడితే, అది సగం నిండేలోపే తెర వెలిగేది. నాకు గడియారం కంటే కండె మీదే నమ్మకం. అక్షరాలు కూడబలుక్కుని చదువుతాను, రాయడం అంతకన్నా తక్కువ. ఇది కూడా నేను చెబుతుంటే మా బిడ్డ రాస్తోంది. కండెల లెక్క మాత్రం నేను తప్పను. వానలు మొదలయ్యేసరికి తెర వెలగడానికి ఒక కండె పట్టింది. బతుకమ్మ నాటికి రెండు.

కొత్తవాడలో మాది జంపఖానాలు నేసే ఇల్లు. ఆ లాప్‌టాప్ మా ఆయనది. మునుపు గళ్ల కాగితం మీద డిజైన్ గీసుకునేవాడు. చూపు మందగించాక, గళ్లను పెద్దవి చేసుకుని చూడొచ్చని ఎవరో వాడిన పాతది కొనుక్కొచ్చాడు. అందులో ఒక్కో గడికి ఒక్కో రంగు. పై అంచు నుంచి కిందికి వరుస వెంట వరుస చూసుకుంటూ నేయడమే. పోయే ముందు ఆయన గీసిన ఆఖరి డిజైన్ అందులోనే ఉంది. దానికి మగ్గం మీద పడుగు నూలు కూడా ఆయనే ఎక్కించాడు. మూరెడు నేసి మంచాన పడ్డాడు. మిగతాది మా మరిది నేస్తున్నాడు. నేను పక్కన కూర్చుని తెర మీది వరుస చూసి చెబుతాను: ఎరుపు ఆరు, పసుపు రెండు, మళ్లీ ఎరుపు ఆరు.

ఆ డిజైన్ మొత్తం నేను ఒక్కసారి కూడా చూడలేదు. అది ఆయన పెట్టిన పద్ధతి.

"కిందికి సూడొద్దు," అనేవాడు. "ఎంత నేస్తె అంతే సూడాలె. ముంగట ఏమున్నదో తెలిస్తే చెయ్యి ఉరుకుతది, నేత వదులైతది."

ఈ డిజైన్ గురించి మాత్రం ఒక మాట ఎక్కువ చెప్పాడు. "సగం కాడ మారుతది. అప్పుడు సూస్తవు గదా."

మామూలుగా జంపఖానా పై సగం ఎలా ఉంటే కింది సగం అలాగే ఉంటుంది, అద్దంలో చూసినట్టు. ఇది అలా కాదన్నమాట. నూలు సంచి అడుగున ఆరు కట్టలు నల్లది అద్దించి పెట్టాడు. పై సగంలో నలుపు అన్నది ఎక్కడా లేదు. "ఇంత నల్లది దేనికయ్యా?" అని అడిగితే నవ్వబోయాడు. నవ్వు దగ్గులోకి దిగింది, ఆ దగ్గు ఎంతకీ ఆగలేదు. నేను నీళ్లకోసం లేచాను. అడిగిన మాట అక్కడే పడిపోయింది.

ధర్మసాగర్ నుంచి మా బిడ్డ ఒక ఆదివారం వచ్చి లాప్‌టాప్ ముందేసుకుంది.

"తెరవంగనే పది పనులు ఒక్కపారి లేస్తున్నయే అమ్మా. అందుకే లేటు," అంటూ అక్కరలేనివన్నీ ఆపేసింది. తర్వాత అంది, "ఎందుకైన మంచిది, నాయిన డిజైన్ నా ఫోన్లకు ఎక్కిస్త. జర ఇటియ్యి."

"వద్దు. ఎక్కించుకుంట సూస్తవు. నాకు చెప్తవు."

"నేనెందుకు చెప్తనే!"

"నువ్వు చెప్పకున్నా నీ మొఖం చెప్తది. ఫోన్ లోపట పెట్టెయ్యి."

పెట్టేసింది. లాప్‌టాప్ రెండు రోజులు చురుగ్గా లేచింది. మూడో రోజు మళ్లీ రెండు కండెలు. ఆ వారమే లోపలి నుంచి చప్పుడు మొదలైంది. కట్, కట్, కాసేపు ఆగి మళ్లీ కట్. మగ్గంలో అలాంటి తేడా చప్పుడు వినబడితే చేతిలో పని అక్కడే ఆపి చూస్తాం. లాప్‌టాప్‌ను మాత్రం నేను ఆపలేదు. వెలగకపోతే బటన్ మళ్లీ మళ్లీ నొక్కాను.

మూడో కండె చుడుతున్న రోజు మా మరిది మగ్గం గుంటలో కాళ్లు ఊపుతూ అన్నాడు, "వదినె, ఇది అచ్చం అన్న లెక్కనే తయారైంది. లేవుమంటే జర ఆగు, జర ఆగు అంటాంది."

వాడు నవ్వించడానికే అన్నాడు. నా చేతిలో పోగు తెగిపోయింది.

ఎందుకంటే ఆయన లేవడాన్ని కూడా నేను కండెలతోనే లెక్కపెట్టాను. ఆఖరి ఏడాది, పొద్దున్నే పిలిస్తే, "జర ఆగు, లేస్త," అనేవాడు. నేను రాట్నం ముందు కూర్చునేదాన్ని. ఒక కండె నిండేసరికి లేచి కూర్చునేవాడు. తర్వాత రెండు, ఆ తర్వాత మూడు. బద్ధకం అనుకున్నాను, తిట్టాను కూడా. నాలుగు కండెలు పట్టిన వారంలోనే ఆయన పోయాడు.

లాప్‌టాప్‌కు నాలుగు కండెలు నిండిన పొద్దున నేను ఇక వరుస చెప్పలేదు. జంపఖానా పొడవు లెక్కన సగానికి ఇంకా పదకొండు వరుసలు ఉన్నాయి. దాన్ని పాత దుప్పట్లో చుట్టుకుని ఆటో ఎక్కి హన్మకొండ చౌరస్తా దగ్గర రిపేరు షాపుకు పోయాను.

షాపాయన యాభై దాటిన మనిషి. వెనక మూత విప్పి, పట్టకారుతో లోపలి నుంచి ఏదో లాగాడు. ఎరుపూ పసుపూ కలిసిన దూది, పలకలా అట్టగట్టి ఉంది.

"ఏందమ్మా ఇది? లోపట పరుపేమన్న కుట్టిన్రా?"

"మగ్గం పక్కన ఉంటదన్నా."

"ఊపిరాడలేదు దీనికి. వేడంత లోపట్నే ఉన్నది."

ఆ దూది వంక చూడలేకపోయాను. దవాఖానలో డాక్టరు మా ఆయన ఛాతీ ఫొటోను వెలుతురుకు పట్టి, మగ్గం దుమ్మంతా ఇక్కడే ఉందని వేలు పెట్టి చూపించిన రోజు గుర్తొచ్చింది.

"కట్ కట్ అని ఎన్ని దినాల సంది అంటాంది?"

"పది దినాలాయె."

"పది దినాలు దినాం ఆన్ చేసిన్రా?"

"ఒక్కొక్క దినం నాలుగైదు సార్లు ఒత్తిన."

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "హార్డ్ డిస్క్ పోతాందమ్మా. దీన్ని నా కంప్యూటర్‌కు కలిపి లోపటియి గుంజుత. మొత్తం వస్తదో, నడుమ ఆగుతదో నేను చెప్పలేను. ముందుగాల ఏం గావాలె, ఫొటోలా?"

అందులో మా ఆయన ఫొటోలున్నాయి, బిడ్డ పెళ్లివి ఉన్నాయి.

"డిజైన్," అన్నాను.

"ఫొటోలు తర్వాత రాకపోవచ్చు మల్ల."

"డిజైన్ అన్న గదా అన్నా."

షాపాయన తెర మీద ఆకుపచ్చ గీత కదిలింది. లోపల చప్పుడు దగ్గర దగ్గరగా వచ్చింది. గీత సగం దాకా నడిచి నిలబడింది. చప్పుడు ఆగిపోయింది. ఆయన తీగ తీసి పెట్టాడు, చెవి ఆనించి విన్నాడు, మళ్లీ పెట్టాడు. ఏమీ లేదు.

వచ్చినంత వరకు తెరిచి చూపించాడు. పైన మేము నేసిన గళ్లన్నీ ఉన్నాయి. నేయాల్సిన పదకొండు వరుసలూ ఉన్నాయి. వాటి కింద, మారుతుందని మా ఆయన చెప్పిన చోట, కొత్త వరుస మొదలైంది. ఎడమ పక్క నుంచి నాలుగు నల్ల గళ్లు. ఆ తర్వాత కింద అంచు దాకా ఒకటే బూడిద రంగు.

"బూడిద రంగు మా ఇంట్ల లేదన్నా," అన్నాను.

"అది రంగు కాదమ్మా. అక్కడ ఏం రాలేదని."

పదకొండు వరుసలూ మా మరిది రెండు రోజుల్లో నేశాడు. నాలుగు నల్ల గళ్ల దగ్గరికి వచ్చేసరికి గుంటలోంచి లేచి నిలబడ్డాడు.

"నాతోని కాదు వదినె. అన్న మనసుల ఏమున్నదో తెల్వకుంట నేనెట్ల నేస్త?"

"నాలుగు గళ్లు తెలుసు గదా."

"తర్వాత?"

మగ్గంలో కూర్చోవడం నాకు అలవాటు లేదు, అయినా దిగాను. నలుపు ఒక కండెకు చుట్టుకుని ఆ నాలుగు గళ్లూ నేశాను. ఐదో గడి దగ్గర చేయి ఆగింది. కిందికి చూడొద్దన్నాడు, చూడలేదు.

నాలుగు గళ్లకు పట్టిన నూలు పిడికెడు కూడా లేదు. ఆరు కట్టలు సంచిలో అలాగే ఉన్నాయి.