కొట్టేసిన వాక్యం

ఆ వాక్యాన్ని కొట్టేసింది నేనే. ఇంకెవరి మీదా తోయడానికి లేదు.

నేను పుదుచ్చేరిలో ఒక విశ్వవిద్యాలయంలో, కోర్సుల నిబంధనలు చూసే విభాగంలో పనిచేస్తాను. కొన్నేళ్ళ కిందట మాకు పైనుంచి ఒక పని వచ్చింది. ఏళ్ళ తరబడి సాగే చదువులను చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టాలి. ఒక్కో ముక్క మూడు నెలలు. ఉద్యోగం చేసుకునేవాళ్ళు, ఇల్లు చూసుకునేవాళ్ళు, ఏ వయసువాళ్ళైనా వచ్చి ఒక ముక్క చదువుకుని పోవచ్చు. అందులో సంపాదించిన క్రెడిట్లు వాళ్ళ పేరున ఆన్‌లైన్‌లో భద్రంగా ఉంటాయి. మళ్ళీ ఎప్పుడు వీలైతే అప్పుడు ఇంకో ముక్క. ఇలా చేరేవాళ్ళ ఫీజు ఒక ప్రభుత్వ నిధి భరిస్తుంది. నిబంధనలు మాత్రం గడువులోగా పంపాలి.

వినడానికి తేలికగానే ఉంటుంది. కానీ మా కంప్యూటరుకు ఏడాదికి ఒక్కసారి, జూలైలో, చేర్చుకోవడమే తెలుసు. ఆదివారం గదుల తాళాలు ఎవరి దగ్గర ఉండాలన్నదాని మీద మూడు ఉత్తరాలు నడిచాయి. యాభై ఏళ్ళ మనిషి నింపే ఫారంలో కూడా తండ్రి సంతకం గడి అలాగే ఉండిపోయింది. అవన్నీ ఒక్కొక్కటిగా సరిచేస్తూ పోయాను. ఆ పని నాకు ఇష్టంగా ఉండేది. నేనూ పెద్దయ్యాక చదువుకున్నవాణ్ణే. తెలుగు రాయడం నేర్చుకున్నదే పెళ్ళయ్యాక, పోస్టులో వచ్చిన పాఠాలతో. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా, బడిలో మాకు ఆ అక్షరాలు చెప్పలేదు.

నిబంధనల చిత్తుప్రతిలో నేను ఒక వాక్యం చేర్చాను. పన్నెండో తరగతి పాసు కాకపోయినా, ఆ రంగంలో అయిదేళ్ళు పనిచేసినవాళ్ళు చేరవచ్చు.

అది రాసేటప్పుడు నా మనసులో ఉన్నది మా పక్కింటి అక్క. మూలకుళంలో మా రెండిళ్ళకూ మధ్య ఛాతీ ఎత్తు గోడ ఒకటి ఉంది. ఆమె తట్టాంచావడిలో, పంపుల విడిభాగాలు చేసే చిన్న ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేస్తోంది. తయారైన ప్రతి భాగాన్నీ కొలిచి, బాగున్నవి ఒక పక్క, పనికిరానివి ఒక పక్క పెట్టడం ఆమె పని. కొలిచేది ఆమె. కాగితం మీద సంతకం పెట్టేది మాత్రం డిప్లొమా ఉన్నవాళ్ళు. ఆమె చదువు పదో తరగతితో ఆగిపోయింది.

కొలతలు, నాణ్యత మీద కోర్సు ఒకటి వస్తోందని గోడ మీదుగా ఆమెకు చెప్పాను.

"నాలాంటిదాన్ని లోపలికి రానిస్తారా తంబీ?" అంది. నన్ను తమిళంలో తంబీ, అంటే తమ్ముడూ, అని పిలవడమే ఆమెకు అలవాటు.

"నిన్ను తలుచుకొనే రాసినాను అక్కా."

"యాడ, మీ పెద్ద కాలేజీలోనా? అందరితో బెంచీ మీద కూర్చోవచ్చా?"

"కూర్చోవచ్చు."

మర్నాడు పొద్దున నేను బండి బయటికి తీసేసరికి ఫారం నింపుకుని గేటు దగ్గర నిలబడి ఉంది.

ఆ వారమే నిబంధనలు ఖరారు చేసే మీటింగు జరిగింది. నా వాక్యం దగ్గరికి వచ్చేసరికి ఒక పెద్ద ప్రొఫెసరు ఆగారు. పనిచేశామని ఉత్తరం ఎవరైనా తేగలరు, నిజమో కాదో ఎవరు చూస్తారు, రేపు దొంగ ఉత్తరం ఒక్కటి బయటపడితే నిధి మొత్తం ఆగిపోదా అన్నారు. నా దగ్గర జవాబు ఉంది. డిపార్ట్‌మెంటు వాళ్ళే చేరేముందు చిన్న పరీక్ష పెట్టవచ్చని వేరే కాగితం మీద రాసుకుని ఫైల్లో పెట్టుకున్నాను. అప్పటికే ఒంటిగంట దాటింది. పక్క గదిలో భోజనాల చప్పుడు వినిపిస్తోంది. అధ్యక్షులు నా వైపు చూసి, "ఇది లేకుండా పంపగలమా?" అని అడిగారు.

"పంపొచ్చు సార్" అన్నాను.

పెన్నుతో ఆ వాక్యం మీద అడ్డంగా గీత గీశాను. పరీక్ష సంగతి రాసుకున్న కాగితం ఫైల్లోంచి బయటికి రానేలేదు.

ఆ సాయంత్రమే అక్కకు చెప్పాల్సింది. చెప్పలేదు. కోర్సు ముగిసేలోపు ఆ వాక్యాన్ని మళ్ళీ చేర్పిస్తాననీ, అప్పుడు ఏ గొడవా ఉండదనీ అనుకున్నాను. హాజరుపట్టీలో చివరి పేరు కింద ఆమె పేరు నా చేత్తోనే రాశాను. పాఠం చెప్పే మాస్టారు అడగలేదు. కంప్యూటరులో మాత్రం ఆమె లేదు.

మూడు నెలలు శని, ఆదివారాలు ఆమె తప్పకుండా వచ్చింది. ఫ్యాక్టరీలో బతిమాలి షిఫ్టు మార్పించుకుంది. నోటుపుస్తకానికి అట్ట వేసుకుంది. ఒకరోజు మాస్టారు అందరికీ ఒకే ఇనుప ముక్క ఇచ్చి కొలవమన్నారట. అందరూ ఒకే సంఖ్య చెప్తే, ఈమె మాత్రం వేరే సంఖ్య చెప్పింది. తప్పు ముక్కలో లేదు, కొలిచే పరికరంలో ఉంది, దాని సున్నా జరిగి ఉంది అందట. చూస్తే నిజమే. మాస్టారు సోమవారం నా గదికి వచ్చి ఆ సంగతి చెప్పి, "ఆవిడను ఎక్కడ పట్టారండీ?" అని నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ మూడు నెలల్లో ఆ వాక్యం కోసం నేను ఏం చేశానంటే, ఏమీ చేయలేదు. ఒకసారి ఫైలు తీశాను. ఇంకో పని వస్తే మళ్ళీ లోపల పెట్టేశాను.

పరీక్ష రోజున గది బయట అంటించిన జాబితాలో ఆమె పేరు లేదు. గంజి పెట్టిన చీర కట్టుకుని, రెండు పెన్నులు పట్టుకుని, వేలు పెట్టి పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ వెతుకుతోంది. నేను దగ్గరికి వెళ్ళి, "కంప్యూటర్లో ఏందో తప్పు పడింది అక్కా. వచ్చేసారి రాద్దువులే" అన్నాను.

ఆమె నా ముఖం చూసి నన్నే ఓదార్చింది. "దానికేంది తంబీ, మిషన్ అంటే తప్పు పోకుండా ఉంటాదా? నువ్వేం చేస్తావు పాపం." పరీక్ష అయ్యాక తినడానికి తెచ్చుకున్న పెరుగన్నం డబ్బా నా చేతిలో పెట్టి, బస్సుకు టైమైందని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత కొన్ని వారాలు, గోడ దగ్గర కనిపించినప్పుడల్లా అడిగేది. "మిషన్ సరి చేసినారా?" ఇంకా లేదు అనేవాణ్ణి. చివరికి ఆమె బయట ఉంటుందనుకున్న వేళల్లో నేను పెరటి తలుపు నుంచి వెళ్ళడం మొదలుపెట్టాను.

నన్ను ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక ఒకరోజు ఆమే సెలవు పెట్టి ఆఫీసుకు వచ్చింది. ఫ్యాక్టరీ ఉత్తరం కూడా తెచ్చింది. కౌంటరులోని అమ్మాయి కంప్యూటర్లో వెతికి, మీ పేరే లేదమ్మా, పన్నెండు పాసు కానివాళ్ళకు ఇందులో చోటే లేదు, కావాలంటే లోపల సార్‌ను అడగండి అని నా గదికి పంపింది.

ఆమె కుర్చీలో కూర్చోలేదు. "ఆ అమ్మాయి చెప్పేది నిజమా?" అంది.

అప్పుడు అంతా చెప్పాను. మీటింగు, గీత, హాజరుపట్టీ, కంప్యూటరు మీద వేసిన అబద్ధం. చెప్పేటప్పుడు ఆమె ముఖం చూడలేక బల్ల మీది ఫైళ్ళు సర్దాను.

ఆమె చివరిదాకా విన్నది. తర్వాత, "ఆ దినమే చెప్పుంటే నేను ఏం చేసుందునో తెల్సునా?" అంది.

"కోపం చేసుందువు."

"లేదు. పన్నెండు ప్రైవేటుగా రాసేదానికి ఫీజు కట్టుందును. పోయిన వారంతో ఆ గడువు అయిపోయింది. మా ఫ్యాక్టరీలో ఇంకో ఆమె కట్టింది. నన్నూ రమ్మనింది. నాకెందుకు, నేను అప్పుడే పెద్ద కాలేజీలో చదువుతా ఉండానే అంటిని."

ఆ మాట ఆమె గొంతు పెంచకుండానే అంది. తెచ్చిన ఉత్తరాన్ని మడిచి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నమే నోటు రాశాను. ఆ వాక్యం ఎందుకు అవసరమో, ఉత్తరాలు నిజమో కాదో ఎలా చూడవచ్చో, అర్హత లేని పేరును హాజరుపట్టీలో నేనే ఎందుకు రాశానో, అన్నీ. మెమో వచ్చింది. సంజాయిషీ ఇచ్చుకున్నాను. అధ్యక్షులు నన్ను పిలిచి, ఇంత తెలిసినవాడివి ఆ రోజు నోరెందుకు విప్పలేదయ్యా అని అడిగారు. ఆకలిగా ఉండిందని చెప్పలేను కదా. భయం వేసింది సార్ అన్నాను. రెండూ నిజమే. ఎనిమిది నెలలు పట్టింది. చేరేముందు చిన్న పరీక్ష అన్న షరతుతో ఆ వాక్యం మళ్ళీ నిబంధనల్లోకి వచ్చింది.

ఆ సంగతి చెప్పడానికి ఆ సాయంత్రం గోడ దగ్గరికి కాకుండా గేటు తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ఆమె వరండాలో తమిళ వాచకం ముందేసుకుని కూర్చుంది. తర్వాత వచ్చిన గడువులో పన్నెండుకు కట్టిందట.

"సంతోషం తంబీ" అంది. "వేరేవాళ్ళకు పనికొస్తాది. నేను ఇది రాసే వస్తాను. నీ మాట నమ్ముకొని మళ్ళీ కూర్చోలేను."

కాఫీ ఇచ్చింది. తాగి వచ్చాను.

ఆ వాక్యంతో మొదట చేరిన మనిషి బాహూరు నుంచి వచ్చాడు. పొలాల్లో మోటార్లు బాగుచేస్తాడట. ఫారం మీద గ్రీజు మరక ఉంది. అతని ఉత్తరం, చిన్న పరీక్షలో వచ్చిన మార్కులు సరిచూసి, సంతకం పెట్టి, నేనే స్వయంగా కౌంటరుకు తీసుకువెళ్ళి ఇచ్చాను. కౌంటరులోని అమ్మాయి దాన్ని చూసి, "ఈ రూలు ముందే ఉంటే బాగుండు సార్. పోయిన ఏడాది ఇట్ల ఉత్తరాలు తెచ్చుకొని వచ్చినోళ్ళను చానామందిని తిప్పి పంపించేసినాను" అంది.

వాళ్ళెవరో రాసుకున్నావా అని అడిగాను.

"ఎందుకు రాసుకుంటాను సార్? లేదంటానే పోతారు."

అతని రసీదు ప్రింటయ్యే దాకా అక్కడే నిలబడ్డాను. వరసలో వెనక ఉన్నవాళ్ళు ఒక్కో అడుగు ముందుకు జరిగారు.