సాంచా మీద నేరం

రాజలింగం చెయ్యి వణుకుతున్న సంగతి మూడేళ్ళ పాటు తోటి పనివాళ్ళెవరి కంటా పడలేదు. పడే వీలే లేదు. సూరత్ లింబాయత్‌లో అతను నడిపే ఎనిమిది మరమగ్గాలూ, అక్కడి మాటలో సాంచాలు, ఆడుతున్నంతసేపు కార్ఖానాలో నేల వణుకుతుంది, గోడ వణుకుతుంది, గ్లాసులో చాయ్ వణుకుతుంది. ఒకరోజు కరెంటు పోయి అన్నీ ఆగాయి. అతని కుడిచెయ్యి ఆగలేదు. "ముప్పయేండ్ల సాంచా ఒంట్లకెక్కిందిరా" అని తోటివాళ్ళు నవ్వారు. అతనూ అదే నమ్మి ఇంకో ఏడాది పోగొట్టుకున్నాడు.

డాక్టరు పార్కిన్సన్స్ అని తేల్చేనాటికి తెగిన పోగును ముడెయ్యడం అతనివల్ల కావడం లేదు. ఆ ఎనిమిది సాంచాలూ కొడుకు చిరంజీవికి ఇస్తానన్నాడు సేఠ్. రాజలింగం వద్దన్నాడు. తనను తిన్నది వాణ్ణి వదులుతుందా? చివరికి తండ్రీకొడుకులు ఒక మాటకొచ్చారు: చదువుకున్నవాళ్ళు సాంచాదే తప్పంటే చిరంజీవి ఆ పనికి పోడు.

ఈ జబ్బు కారణాలు వెతికే బృందమొకటి గోడాదరాలోని తెలుగువాళ్ళ సంఘం హాల్లో దిగింది. భార్య ఐలమ్మతో కలిసి ముగ్గురూ వెళ్ళారు. ముందు రాజలింగం నెత్తురు తీసుకున్నారు. ప్రశ్నలడిగే అమూల్య తెలుగమ్మాయే, సూరత్‌లో పెరిగిన బ్యాంకు ఉద్యోగి కూతురు.

"అంకుల్, ఊళ్ళో ఎప్పుడైనా పురుగుమందు కొట్టారా?"

"లేదమ్మా."

ఐలమ్మ ఊరుకోలేదు. "అబద్ధమెందుకయ్యా? సూరత్ రాకముందు పత్తి చేన్ల ఆరేండ్లు కొట్టలే? డబ్బా కారి అంగీ మొత్తం తడిసేది."

"నువ్వు నోర్ముయ్. గీ వణుకు సాంచాదే. రాయమ్మా, సాంచా అని రాయి."

అమూల్య పెన్ను పక్కన పెట్టింది. "మెదడులో కదలికల్ని నడిపే కణాలు చచ్చిపోతున్నాయి అంకుల్. ఎందుకన్నది పూర్తిగా ఎవరికీ తెలీదు. కొన్ని పురుగుమందుల మీద అనుమానం గట్టిగా ఉంది. కొందరికి వంశంలో ఉంటుంది. సాంచా ఊపు వల్ల వస్తుందనడానికి మాత్రం మాకు ఆధారం దొరకలేదు."

"అయితే మందేనా?"

"మీ ఒక్కరి సంగతి చెప్పలేను. మీతో కొట్టినవాళ్ళందరికీ రాలేదు కదా."

"మరి నెత్తురెందుకు తీసిండ్రు?"

"వేలమందిది కలిపి చూడాలి. ఏళ్ళు పడుతుంది."

"అప్పటిదాంక నేనుంటనా?"

ఆమె పెన్ను మళ్ళీ చేతిలోకి తీసుకుంది. దేవుడున్నాడని మాత్రం అనలేదు, అంతవరకు మేలు.

బయటికి రాగానే చిరంజీవి అన్నాడు: "సునా నా బాపూ, విన్నవా? సాంచాది తప్పు లేదంట. సోమవారం నుంచి పోత."

"నెత్తుట్ల గూడ ఉంటదన్నది గద బిడ్డా."

"నెత్తుట్ల ఉంటే ఇంట్ల కూసున్నా వస్తది. ఛోడ్ దో."

కొడుకు లెక్క తప్పని ఈ భూమ్మీద ఇంకా ఏ పరిశోధనా తేల్చలేదు.

సోమవారం పొద్దున ఐలమ్మ టిఫిన్ డబ్బా కట్టింది. రాజలింగం గడపకు అడ్డంగా కూర్చున్నాడు. చిరంజీవి వంగి, తండ్రి చంకల్లో చేతులు వేసి లేపాడు, జాగ్రత్తగా గోడవారకు జరిపి కూర్చోబెట్టాడు, గడప దాటి డ్యూటీకి పోయాడు.