తప్పు చెప్పిన సెన్సర్

తెలంగాణ ఉద్యమం జోరుమీదున్న రోజుల్లో, రేగోడ్ వైపు ఆసామి ఒకాయన తన డీజిల్ బండి లాగడం లేదని దాన్ని సాయంత్రం మెదక్‌లోని నా మెకానిక్ షెడ్డులో వదిలి, తెల్లారి తిరిగొచ్చాడు. వస్తూనే నా కాలరు పట్టుకున్నాడు.

"పోయిన నెల సర్వీసింగ్ చేసినవు. గిప్పుడు బండి లాగుతలేదు. ఇంజన్ ఖరాబ్ చేసింది నువ్వే!"

నాకూ ఒళ్లు మండింది. ఆయన చెయ్యి విదిలించి, బండిలోని సెన్సర్లు ఏం చెప్తున్నాయో చూపే స్కానర్ తగిలించాను. ఇంజన్ స్టార్ట్ చేయకముందే సైలెన్సర్ పైపు నిప్పులా కాలుతోందని అది చూపించింది. నేను ఆ పైపు మీద అరచెయ్యి ఆనించాను.

"చూడుండ్రి పటేలా, సల్లగున్నది. వేడి చూసే సెన్సర్ తప్పు చెప్తున్నది. నిజంగనే కాలుతున్నదనుకొని ఇంజన్ తనంతట తానే జోరు తగ్గించుకుంటున్నది. గందుకే బండి లాగుతలేదు."

కిందికి దూరి వెతికితే సెన్సర్ వైరు తెగి ఉంది. బంద్‌లతో బండి ఇంటిదగ్గరే నిలిచినప్పుడు ఎలుకలు కొరికినట్టున్నాయి. వైరు అతికించాక స్కానర్ సరిగ్గా చూపింది, బండి మునుపటిలా లాగింది.

"వైరు నువ్వే కోసినవేమో, ఎవలకెరుక" అన్నాడాయన.

తాళంచెవి ఆయన చేతికివ్వకుండా సీటు మీదకు విసిరాను.

"ఇంకోసారి నా షెడ్డుకు రాకుండ్రి."

ఆయన గుమ్మం ముందు ఉమ్మి వెళ్లిపోయాడు. ఆ తర్వాత బజార్లో ఎదురుపడ్డా ఇద్దరం మొహం తిప్పుకునేవాళ్లం.