తండ్రి పేరు కోసం ఒక సంతకం

మొన్న ఢిల్లీ పక్కనున్న ఇందిరాపురంలో మా కోడలు ఏదో అఫిడవిట్ కోసం ఇంట్లో కూర్చునే స్టాంపు కాగితం తెప్పించుకుని, నోటరీకి ఏమేం కావాలో ఒకసారి చూడమని ఫోన్ నా చేతికిస్తే, ఫోటో, ఆధార్, వేలిముద్ర అంటూ సాగిన ఆ వరస చదువుతూ చదువుతూ నేను తొంభైల నాటి ఢిల్లీకి వెళ్లిపోయాను.

అప్పట్లో కోర్టు ఆవరణలో రేకుల కప్పు కింద ఒక బల్ల, ఒక ముద్ర, ఒక లావుపాటి రిజిస్టరు, ఇదే నా నోటరీ ఆఫీసు. సంతకం పెట్టే మనిషి ఎదుట ఉంటే తప్ప ముద్ర వేయకూడదని నాకు పని నేర్పిన పెదనాన్నగారు చెప్పిన మాటను, కాస్త గర్వంగానే పాటించేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం, కాకినాడ వైపు నుంచి వచ్చి ఇక్కడ నర్సుగా చేస్తున్న ఒకావిడ వచ్చింది. కూతుర్ని బడిలో చేర్చింది మేనమామ కావడంతో, గుమాస్తా తండ్రి పేరు దగ్గర ఆయన పేరే రాసేశాడట. పదో తరగతి సర్టిఫికెట్‌లోనూ అదే రాబోతోందట. సరిచేయాలంటే తండ్రి అఫిడవిట్ కావాలి. ఆ తండ్రేమో ఆవిడ పనిచేసే ఆస్పత్రిలోనే మంచాన పడి ఉన్నాడు.

"ఆయన చేత నేను సంతకం పెట్టించుకొస్తానండీ, మీరు ముద్ర వేసిపెట్టండి."

"నా ఎదుట పెట్టాలమ్మా. రేపు పొద్దున్నే నేనే వస్తాను."

"నేను నర్సునండీ, నాకు తెలుస్తుంది. ఇవాళే రండి," అంది, గొంతు పెంచకుండా.

వెళ్లవలసింది. కానీ ముఖర్జీ నగర్ కోచింగుల నుంచి వచ్చిన విద్యార్థులు వరసలో ఉన్నారు. "వకీల్ సాబ్, కల్ లాస్ట్ డేట్ హై," దరఖాస్తుకు రేపే ఆఖరు రోజని ఒకడు బతిమాలుతున్నాడు. ఉండిపోయాను.

మర్నాడు ఎనిమిదింటికల్లా రిజిస్టరు చంకన పెట్టుకుని వెళితే, ఆ మంచం మీద దుప్పటి మార్చేశారు. తెల్లవారుజామున పోయాడట. వరండాలో కూర్చున్న ఆవిడ నన్ను చూసి మర్యాదగా లేచి నిలబడింది.

"మీరొస్తారని పెన్ను అడిగి దిండు కింద పెట్టుకున్నారండీ," అంది. తిట్టినా బాగుండేది.

నెల తర్వాత తల్లిగా తానే ప్రమాణం చేయడానికి కూతురితో వచ్చింది. కాగితం చదివి వినిపిస్తూ, తండ్రి పేరు ముందు టైపు కొట్టిన 'లేట్' దగ్గర నేను ఆగితే, ఆ పిల్లే మిగతా వాక్యం చదివింది. సర్టిఫికెట్‌లో పేరు సరిగ్గానే వచ్చింది. చూసుకోవడానికి ఆయన లేడు. ఆ తర్వాత ఎవరైనా మంచాన ఉన్నారంటే, ఎంత వరస ఉన్నా బల్ల వదిలి అప్పటికప్పుడు వెళ్లేవాణ్ణి.

ఇప్పుడు చాలా దరఖాస్తులకు ఎవరి ప్రమాణం వాళ్లే రాసి సంతకం పెట్టుకుంటే చాలంటున్నారు. మా వృత్తికి మునుపటి విలువ లేదని నా తోటివాళ్లు నొచ్చుకుంటుంటే నేను మాట కలపలేను. వచ్చిన మార్పు మంచిదే. ఆ తండ్రికి అందేలా రాలేదు, అంతే.