నా లాగ్‌బుక్‌లో ఆయన సంతకాలు

గుండె వైద్యంలో పై చదువు చదివే రోజుల్లో నెలకు రెండు ఆదివారాలు హైదరాబాద్ నుంచి, మా ఆసుపత్రి వనపర్తిలో పెట్టే గుండె పరీక్షల క్యాంపుకు వెళ్లేవాణ్ణి. మాది వనపర్తికి దగ్గరి గద్వాల. అక్కడి మాట వచ్చని నన్నే పంపేవారు. మా ప్రొఫెసర్ పక్కనే ఉండి నేర్పాలన్నది నియమం. ఆయన మొదటి క్యాంపుకు వచ్చారు, అంతే. తర్వాత రోగులందరికీ ఎకో స్కానింగ్ నేనొక్కణ్ణే చేసేవాణ్ణి. సోమవారం నా లాగ్‌బుక్‌లో ‘నా సమక్షంలో’ అన్న చోట ఆయన సంతకం చేసేవారు.

ఒక ఆదివారం పెద్దమందడి నుంచి ఒకామె భర్తతో వచ్చింది. కూలి పని చేస్తుంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఎకోలో గుండె కవాటం కొంచెమే సన్నబడిందనిపించింది. అనుమానంగానే ఉంది. అడగడానికి ఎవరూ లేరు. బయట వరండా నిండా జనం. మాత్రలు రాసి పంపేశాను.

మూడు వారాలకు ఆమెను ఊపిరాడని స్థితిలో మా ఆసుపత్రికి తెచ్చారు. ప్రొఫెసర్ ఎకో చూసి, నా వైపు చూశారు. కవాటం దాదాపు మూసుకుపోయి ఉంది. మూడు వారాల్లో వచ్చే జబ్బు కాదది. ఆ రోజే రక్తనాళం గుండా బెలూన్ పంపి తెరిచారు. బతికింది.

ఆ తర్వాత కొద్ది రోజులకే మా కోర్సు గుర్తింపు కోసం తనిఖీ వచ్చింది. ముందురోజు ప్రొఫెసర్ మమ్మల్ని పిలిచి, “అడిగితే క్యాంపుల్లో నేనున్నానని చెప్పండి. సీట్లు పోతే నష్టపోయేది మీ తర్వాతి వాళ్లే” అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. ఆసుపత్రిలో నాకు చేయి పట్టి పని నేర్పింది ఆయనే.

తనిఖీకి వచ్చిన పెద్దాయన లాగ్‌బుక్ తిరగేస్తూ, “వీటన్నిటికీ మీ సార్ వనపర్తి వచ్చారా?” అని మామూలుగా అడిగారు.

అవునందామనే నోరు తెరిచాను. “రాలేదండీ” అన్నాను.

గుర్తింపు పోలేదు. బోధించేవాళ్లు లేని చోటికి విద్యార్థులను పంపకూడదని షరతు పెట్టారు. ప్రొఫెసర్ తాను వెళ్లడానికి బదులు క్యాంపే ఆపించారు. నాతో మాటలు పని వరకే మిగిలాయి.

తర్వాత ఆ పెద్దమందడి దంపతులు చూపించుకోవడానికి హైదరాబాద్ వచ్చారు.

“క్యాంపు ఎందుకు బంద్ జేసిండ్రు సారూ? గీడికి రానీకి పొద్దంత పోతది” అన్నాడు భర్త.

“నా వల్లనే బందయింది. ఆడ నేర్పేటోళ్లు లేకుండ నేనొక్కణ్ణే చూస్తుంటి. ఈమె జబ్బు తప్పు చూసిన.”

ఆమే అందుకుని, “తప్పో ఒప్పో చూస్తుంటివి గద. గిప్పుడు మా దిక్కోళ్లను ఎవరు చూస్తరు సారూ?” అంది.

మళ్లీ ఎప్పుడు రావాలో చీటీ మీద రాసిచ్చాను. నా చదువు ముగిసేదాకా ఆ క్యాంపు మళ్లీ మొదలు కాలేదు.