రాజీ అయ్యేదాకా

“మీ ఇంట్లో మగవాళ్లెవరూ కనపడరేమండీ?” అని ఆమె అడిగింది. మా అత్త తడుముకోకుండా, “బనగానపల్లెకు పోయినారమ్మా, మామిడితోట బేరానికి” అంది. సరిగ్గా అప్పుడే మిద్దె మీది గదిలో మా ఆయన దగ్గాడు.

ఆమె తలెత్తి పైకి చూసింది. “కోతులు” అంది మా అత్త. “అహోబిలం అడివిలోనుంచి దిగొస్తాండాయి. ఈ యేడు వాటికీ జలుబే.” నాకు నవ్వొచ్చింది. ఆ వెనకే ఏడుపొచ్చింది. చాట తీసుకుని కొర్రలు చెరిగే నెపంతో అవతలికి పోయాను.

ఆమె విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన మనిషి, కోస్తా వైపు. అవి ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, ఆపైన హైదరాబాదు కలిసి పెద్దదైన కొత్తరోజులు. బ్లాకాఫీసులు, జీపులు, బడులు, కాలువ పనులు వస్తుంటే పల్లెల్లో కుటుంబాలు ఎట్లా మారుతున్నాయో కనుక్కోవడమే ఆమె చదువట. ఆడవాళ్లను అడగడానికి మగవాళ్లను పంపితే ఏమీ చెప్పరని ఆమెను పంపారు. ఆళ్లగడ్డ నుంచి జీపులో తెచ్చి మా ఇంటి ముందు దింపారు. మేం కాదంటే అవతలి పార్టీ వాళ్లు తమ ఇంట్లో దించుకునేవాళ్లు. ఆ ఒక్క కారణానికే మా అత్త ఒప్పుకుని ముందరి గది ఇచ్చింది. ఎప్పుడు చూసినా రాస్తూనే ఉండేది కాబట్టి మా ఇంట్లో ఆమెకు రాతలమ్మ అని పేరు పడింది.

మా మామ, మా ఆయన బనగానపల్లెకు కాదు గదా, వీధి అరుగు మీదికి వచ్చి కూడా ఏడాది దాటింది. కాలువ నీళ్ల దగ్గర మొదలైన మాట పెరిగి ఊరు రెండు పార్టీలైంది. ఇటొక ప్రాణం, అటొక ప్రాణం పోయాయి. ఆ తర్వాత రెండు వైపులా పెద్ద ఇళ్ల మగవాళ్లు లోపలికి పోయి తలుపులు వేసుకున్నారు. గడప దాటితే ఏ జొన్నచేలో ఎవడు ఈటె పట్టుకుని కూర్చున్నాడో తెలియదు. భయపడి దాక్కున్నారన్న మాట పైకి రాకూడదు, అందుకే బనగానపల్లె. అయితే ఎంత పగ ఉన్నా మా వైపు ఆడదాని మీద చెయ్యి వెయ్యరు. వేసినవాడికి సొంత పార్టీలోనే నీళ్లు పుట్టవు.

అందుకని మేం బయటికొచ్చాం. ఘోషాలో పెరిగినవాళ్లం. నన్ను కాపురానికి తెచ్చినప్పుడు గూడుబండికి ముందొక గుడ్డ, వెనకొక గుడ్డ కట్టి తెచ్చారు. ఆ తర్వాత పుట్టింటికి పోవాలన్నా అదే బండి, అవే గుడ్డలు. మా చేలు ఏ దిక్కున ఉన్నాయో నాకు తెలియదు. ఆ చేల జొన్నలు మాత్రం రోజూ తిన్నాను.

మొదటి రోజు మా అత్త తలుపు తీసి, “తల వంచుకొని పో, తల వంచుకొని రా” అంది. వంచుకునే పోయాను. ఊరు దాటాక ఎత్తాను. నల్లరేగడి ఎంత దూరం చూసినా కనపడుతూనే ఉంది, ఎక్కడా అడ్డం లేదు. భయమేసింది. నాలుగు రోజులకు ఆ భయం పోయింది. సుఖానికి అలవాటు పడడం ఎవరూ నేర్పక్కర్లేదు.

పత్తి అమ్మడానికి నంద్యాల మండీకి కూడా నేనే పోవాల్సి వచ్చింది. బస్సెక్కితే మా అత్తకు కడుపులో తిప్పుతుంది. ఆ మండీలో బేరం నోటితో జరగదు. కొనేవాడూ అమ్మేవాడూ తువ్వాలు కింద చేతులు కలిపి వేళ్లు నొక్కుకుంటారు, ధర వాళ్లిద్దరికే తెలుస్తుంది. పత్తి కొనే శెట్టి అలవాటు కొద్దీ తువ్వాలు కప్పి చెయ్యి చాచాడు. ఎదురుగా నేను. పెద్దింటి కోడలి చెయ్యి పట్టుకోవడం ఎట్లా? చాచిన చేతిని ఏం చేసుకోవాలో తెలియక మెల్లగా తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. “నోటితోనే చెప్పన్నా” అన్నాను. చెప్పాడు, పాపం. మండీ అంతా విన్నది. పక్క అంగడి శెట్టి దానిమీద ఇంకాస్త పెంచాడు. మా మామ ఏనాడూ తేని ధర తెచ్చాను.

ఆ సంగతి చెబితే మా ఆయన పడీ పడీ నవ్వాడు, చప్పుడు బయటికి పోకుండా నోటికి దుప్పటి అడ్డం పెట్టుకుని. ఆ గదికి కిటికీ లేదు. పైన ఒక గవాక్షి, దాంట్లోంచి చాటంత వెలుతురు పడేది. ఆ వెలుతురు గోడెక్కి పోయేదాకా దాన్నే చూస్తూ కూర్చునేవాడు. నేను పైకి పోగానే అడగడం మొదలుపెట్టేవాడు. కుందూ ఏట్లో నీళ్లొచ్చినాయా, ఎద్దు కుంటు తగ్గిందా, నంద్యాలలో బస్సు దిగినాక ఎవరు పలకరించినారు. ఒక్కోసారి నా చీర చెంగు తీసుకుని వాసన చూసేవాడు, బయటి దుమ్ము వాసన ఉందని. “గోడలు మీదికొస్తాండాయి మ్మే” అనేవాడు. కాపురానికి వచ్చిన నాటినుంచి ఆ మనిషి మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు. పెళ్లైన మర్నాటినుంచీ నా నోట్లో ఉన్న మాట ఆయన నోట వింటున్నాను.

రాతలమ్మకు ఇదంతా ఎట్లా తెలుస్తుంది? ఆమెకు కనపడింది కనపడినట్టు రాసుకుంది. ఈ ఇంటి ఆడవాళ్లు సేద్యం చూస్తారు, మండీకి పోతారు, ప్లీడరుతో మాట్లాడతారు. మగవాళ్లు ఊళ్లో ఉండరు, బేరాలకు పోతారు. అవతలి పార్టీ ఇళ్లలోనూ అంతే, అక్కడ మగవాళ్లు కడపకు పోయారట. “నేను చూసిన ఊళ్లన్నిట్లో ఇదే ఎక్కువ మారిందండీ” అని ఆమె సంతోషంగా అంటుంటే నా వీపు మీద మా అత్త చూపు గుచ్చుకుంటోంది. నిజం చెబితే ఇంటి పరువు పోతుంది. ఊరుకుంటే నాకే ఒళ్లు మండుతుంది. అడకత్తెరలో పోకచెక్క అయింది నా పని.

ఆమె వెళ్లే ముందురోజు నాతో చేనికి వచ్చింది. గట్టు మీద మేమిద్దరమే ఉన్నాం.

“మగోళ్లు యాడికీ పోలేదమ్మా” అన్నాను. “ఇంట్లోనే ఉండారు. దగ్గింది కోతి కాదు.”

ఆమె పెన్సిలు ఆగింది. కాలువ దగ్గరినుంచీ అంతా చెప్పాను. ఆమె పత్తి చేనువైపు చూసి, “అయితే రాజీ కుదిరితే మీరు...” అని ఆగింది. తెలివైనదే. తర్వాత అడిగింది: “మీకు రాజీ కావాలా, వద్దా?”

ఏడాదిగా నన్ను తింటున్నది అదే. వద్దంటే మా ఆయన ఏదో ఒక రోజు ఆ గది భరించలేక బయటికొచ్చి ఈటెకు పోతాడు. కావాలంటే నేను గూడుబండిలోకి పోతాను. “ఆయన బతకాల. నేను బయట ఉండాల. రెండూ దొరికే రాజీ యాడన్నా ఉంటే చెప్పమ్మా” అన్నాను.

“ఆయనకు ఇప్పుడు తెలిసుంటుంది కదండీ, లోపల ఉండటమంటే ఏమిటో” అంది ఆమె. ఆ మాట నేనూ అనుకుంటూ ఉన్నదే. కానీ ఇంకొకరి నోట వినేసరికి గట్టి నమ్మకమైపోయింది. ఆకలి తెలిసినవాడు ఇంకొకరి కంచం లాక్కోడు గదా అనుకున్నాను. ఆమె జీపెక్కి పోయింది.

మరుసటి ఏడు పత్తి విచ్చే కాలానికి దొర్నిపాడు నుంచి పెద్దమనుషులు వచ్చి రాజీ కుదిర్చారు. రెండు పార్టీల వాళ్లూ అహోబిలం పోయి నరసింహస్వామి ఎదుట ప్రమాణం చేశారు. మా ఆయన తలంటుకుని, తెల్లబట్టలు కట్టుకుని, ఊరి వీధి ఈ కొసనుంచి ఆ కొసకు నడిచాడు. ఎండకు కళ్లు మూతలు పడుతున్నా చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. తలుపు సందులోంచి చూస్తూ ఏడ్చాను. అది సంతోషమే. అబద్ధం చెప్పను.

మర్నాడు పొద్దున తలకు గుడ్డ చుట్టుకుని బయల్దేరాను. మా ఆయన గడప దగ్గర చెప్పులు తొడుక్కుంటున్నాడు.

“యాడికి?”

“చేనికి. పత్తి తీసేవాళ్లు వస్తారు గదా.”

ఆయన నవ్వాడు. ఎంత ప్రేమగా నవ్వాడంటే, ఆ నవ్వు ఇప్పటికీ గుర్తుంది. “ఇంగ నీకా కష్టం ఎందుకు మ్మే? నా కోసం ఎండలో మాడి బొగ్గయినావ్. నేనొచ్చినా కదా. లోపల సల్లగా కూచో.”

తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని, నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కొట్టి ఉంటే పుట్టింటికి పోయేదాన్ని. ప్రేమగా మూసేసే తలుపును ఏం పెట్టి కొట్టాలి? అయినా ఊరుకోలేదు. “సల్లగా ఉండేట్టయితే నువ్వు మిద్దె మీదనే ఉండొచ్చు గదా” అన్నాను. ఆయనకు ఆ మాట ఎక్కలేదు. “అది గతి లేక” అన్నాడు. “రాజీ అయినాక గూడా పెండ్లాన్ని మండీకి పంపుతాండాడంటే ఊర్లో నా మొగం మీద ఉమ్మేస్తారు.” మా అత్త అప్పటికే పెట్టెలోంచి బండి గుడ్డలు తీసి ఎండలో వేసింది. ఆమె మాత్రం ఏం చేస్తుంది, ఆమె జీవితమంతా అదే.

ఆ ఏడు మా పత్తి తువ్వాలు కిందే అమ్ముడుపోయింది. ఎంతకు పోయిందని అడిగితే, “నీకెందుకు” అన్నాడు మా ఆయన. ఆ మాటలో కోపమేమీ లేదు.

వానలకు ముందు రాతలమ్మ మళ్లీ వచ్చింది, ముందు రాసుకున్నది సరిచూసుకోవడానికి. ఈసారి వీధి అరుగు మీద చాప వేసి కూర్చోబెట్టారు. నేను తలుపు వెనక నిలబడ్డాను. ఆమె నన్ను పిలవమంటే మా ఆయన, “మా ఇంట్లో ఆడోళ్లు బయటికి రారమ్మా. ఏందైనా నన్నడుగు” అన్నాడు.

ఆమె కాసేపు కాగితాలు తిప్పి, పార్టీల కాలంలో మీకు అన్నిటికన్నా కష్టమైనదేమిటని అడిగింది. చచ్చిపోయిన మనిషి గురించి చెబుతాడనుకున్నాను. ఖర్చుల గురించి చెబుతాడనుకున్నాను.

“ఇంట్లో కూచోవడమమ్మా” అన్నాడు, రాజీ అయినాక ఇంక దాచేదేముందన్నట్టు. “నీకు తెల్దు. పని లేకుండా కూచుంటే సుఖమనుకుంటాండావేమో. కాదు. తలుపు యాడుందో తెలుసు, అయినా అది మనది కాదు. వాన సప్పుడు వినాల, తడిసేది లేదు. సొంత చేను సంగతి ఇంగొకర్ని అడగాల, వాళ్లు చెప్పినంతే తెలుసుకోవాల. కూడు ముందర పెడతారు, దిగదు. గోడలు మీదికొస్తాయి. మనిషిని ఒక్క దెబ్బకు సంపినా సంపొచ్చు గానీ, ఇంట్లో పెట్టి మూయగూడదు. పగోనికి గూడా వద్దమ్మా ఆ బతుకు.”

అందులో నటన లేదు. సాయంత్రాలు చీకటి గదిలో నా చెంగు పట్టుకుని చెప్పిన మాటలే అవి. రాతలమ్మ రాయడం ఆపి, ఆయన భుజం మీదుగా తలుపు వైపు చూసింది.

మా ఆయన కళ్లు తుడుచుకుని లోపలికి కేకేశాడు: “మ్మే, అమ్మకు మజ్జిగ తే. బయటికి రావద్దులే, గడప కాడ పెట్టు.”

తెచ్చి గడప మీద పెట్టాను. రాతలమ్మ తనే లేచి అక్కడిదాకా వచ్చింది. గ్లాసు తీసుకుంటూ, “మీరేం రాసుకోమంటారు?” అని గొణిగినట్టు అడిగింది. నేనూ గొణగొచ్చు. కానీ అరుగు మీదికి వినపడేట్టే చెప్పాను.

“ఆయన చెప్పిందంతా నిజమేనమ్మా. ఒక్క మాట గూడా తప్పు లేదు. అట్లనే రాసుకో. ఆయన పేరు తీసేసి నా పేరు పెట్టు.”

నేను తలుపు వెనక్కి వచ్చి నిలబడ్డాను.