రెండు వైపులా రాయమన్న మేడమ్

మేడమ్ పోయారన్న కబురు నాకు ఆఫీసులో తెలిసింది. ఒకప్పుడు హాస్టల్లో నాతోపాటు ఉన్న స్నేహితురాలు ఫోన్ చేసి, "మేడమ్ ఇగ లేరే" అని ఒక్క మాట చెప్పి ఏడ్చేసింది. పొద్దున్నే చిక్కడపల్లిలో ఇంటి ముందు పాల ప్యాకెట్లు తీసుకోవడానికి వంగిన మనిషి మళ్ళీ లేవలేదట. నా టేబుల్ మీద ఆ రోజు పేపర్ తెరిచే ఉంది. రాష్ట్రంలో పేకాట క్లబ్బులకు లైసెన్సులు ఇవ్వవచ్చని కమిటీ సిఫారసు చేయబోతోందని మొదటి పేజీలోనే వార్త. నిజం చెప్తున్నాను, నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. ఇంత కొట్లాడిన మనిషిని తీసుకుపోవడానికి ఇదే రోజు దొరికిందా అని దేవుడి మీద కూడా కోపం వచ్చింది.

ఆవిడ అశోక్‌నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్లో ప్రభుత్వోద్యోగాల కోసం గ్రూప్స్ పరీక్షలు రాసే పిల్లలకు పాలిటీ చెప్పేవారు. అంటే రాజ్యాంగం, ప్రభుత్వం, చట్టాలు. నేను ఊరి నుంచి సంచీ పట్టుకుని వచ్చినప్పుడు ఈ మహానగరంలో నన్ను మొదట పేరు పెట్టి పిలిచింది ఆవిడే. ఇంటి నుంచి క్లాసుకు నడిచే వచ్చేవారు. దారిలో ఉన్న సిటీ లైబ్రరీ దగ్గరికి వచ్చేసరికి వెనక మేం ఒక గుంపు తయారయ్యేవాళ్ళం, సందేహాలు అడుగుతూ. రోడ్డు దాటాలంటే చెయ్యెత్తి బస్సును కూడా ఆపేవారు. "తిన్నవా?" అని అడిగితే "తిన్న మేడమ్" అంటే సరిపోదు. "ఏం కూర?" అనేవారు. తడబడ్డామా, అబద్ధమని తెలిసిపోయేది. అప్పుడు నారాయణగూడ దాకా నడిపించి ఇరానీ హోటల్లో కూర్చోబెట్టి, చాయ్‌లో బిస్కెట్ ముంచి తినేదాకా కదిలేవారు కాదు.

చదువులో మాత్రం కఠినం. జవాబు ఏదైనా రెండు వైపులా రాయాలి. లాభాలు, నష్టాలు, చివర 'ముందున్న దారి'. ఒక వైపే రాస్తే ఎర్ర పెన్నుతో పేజీ మొత్తం కొట్టేసేవారు. "నువ్వు రేపు ఆఫీసర్ కుర్చీల కూసుంటవ్ బిడ్డా. నీ ముందల ఇద్దరు నిలబడ్తరు. ఇద్దరి మాట ఇనే చెవులు ఇప్పట్నించే పెంచుకో" అనేవారు. నాకు ఉద్యోగం ఇప్పించింది ఆ మాటే. కాదనను.

ఇక ఆ దిక్కుమాలిన ఆట సంగతి. ఖమ్మం వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు, క్లాసులో అందరికన్నా ముందుండేవాడు, ఫోన్లో రమ్మీ ఆడి ఉన్నదంతా పోగొట్టుకుని హాస్టల్ వదిలి కనపడకుండా పోయాడు. వాడి తల్లి వెతుక్కుంటూ వచ్చి సెంటర్ మెట్ల మీద కూర్చుంది. అప్పటికి నేను ఉద్యోగంలో చేరాను. ఆదివారాలు మేడమ్ దగ్గర పేపర్లు దిద్దడానికి వెళ్ళేదాన్ని. ఆ తల్లి మాట నా చెవులతో విన్నాను. "పండుగకు ఇంటికొచ్చి రాత్రంత ఫోన్ సూస్తుంటే, నా కొడుకు చదువుతున్నడనుకున్న మేడమ్. లైటు తీసెయ్యి బిడ్డా, కండ్లు పోతయ్ అని చెప్పిన" అంది. మేడమ్ మెట్లు దిగి వచ్చారు. పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నారు. పిల్లవాడు తర్వాత బెంగళూరులో ఎక్కడో గోదాములో పని చేస్తున్నాడని తెలిసింది. ప్రాణంతో ఉన్నాడు, అంతవరకు నయం.

ఫోన్లలో ఆటకు ఢిల్లీలో కేంద్రం చేసిన చట్టం తాళం వేసింది కదా అని మేం ఊపిరి పీల్చుకున్నాం. అమాయకులం! ఆ ఆట ఆడించినవాళ్ళే, అదే డబ్బుతో, ఇప్పుడు పర్యాటకం అనే కొత్త చొక్కా తొడుక్కుని వచ్చారు. ఫోన్లో వద్దంటే భవనాల్లో ఆడిస్తారట. ఊరికి ఉద్యోగాలు, ఖజానాకు ఆదాయం అట. ఎన్నికలప్పుడు అధికార పార్టీకీ చందాలిచ్చారు, ప్రతిపక్షానికీ ఇచ్చారు. అందుకే అసెంబ్లీలో గొంతు చించుకునే నాయకులంతా ఈ ఒక్క విషయం వచ్చేసరికి నీళ్ళు నమిలారు. ప్రభుత్వం ఒక కమిటీ వేసి, ప్రజలు అభిప్రాయాలు రాసి పంపవచ్చని ప్రకటించింది. మేడమ్ సంబరపడ్డారు. "మనకంటే ఎక్కువ ఎవరికి తెలుసు దీని బాధ? రాయుండ్రి" అని క్లాసంతటితో రాయించి, కవర్లలో పెట్టి పంపించారు.

పిల్లలు ఎలా రాశారో తెలుసా? పరీక్ష రాసినట్టు రాశారు! ఉపోద్ఘాతం, లాభాలు, నష్టాలు, ముందున్న దారి. ఆ ముందున్న దారిలో దాదాపు అందరూ కోచింగ్ మెటీరియల్లో ఉన్న మాటే దింపారు: 'కఠిన నియంత్రణతో దశలవారీగా అనుమతించవచ్చు.' ఆ కుర్రాడి గదిలో పక్క మంచం మీద పడుకున్నవాడు కూడా అలాగే రాశాడు. చెయ్యి అలా అలవాటు పడిపోయింది మరి.

కమిటీ విచారణ పెట్టిన రోజు క్లబ్బుల వాళ్ళ తరఫు లాయరు లేచి, మేడమ్ ఎదురుగానే ఆ కాగితాలు చదివాడు. "అశోక్‌నగర్ నిరుద్యోగ యువతే అనుమతి కోరుతోంది" అన్నాడు. మేడమ్ లేచి, అది అలా కాదని చెప్పబోతే, మీ వంతు రాలేదన్నారు. వంతు వచ్చేసరికి సమయం అయిపోయిందన్నారు. బయటికి వచ్చి నాకు ఫోన్ చేసిన గొంతు ఇప్పటికీ చెవిలో ఉంది. "నేను నేర్పిన చదువునే నా మొకం మీద కొట్టిండ్రే! పోరగాండ్లది తప్పు కాదు. దొంగ ఇంట్ల జొరబడితే దొంగతనం లాభాలేంది, నష్టాలేంది అని ఎవడన్న రాస్తడా? అది చెప్పనే లేదు నేను."

మర్నాడు క్లాసులో, ఇవాళ ఒక వైపే రాయండి అన్నారట. ఒక అమ్మాయి లేచి, "మేడమ్, మార్కులు పోతయి కదా?" అని అడిగింది. పోతే పోనీ అన్నారు. ఆ మాట సాయంత్రానికి డైరెక్టర్ చెవిన పడింది. క్లబ్బుల కంపెనీ పేద విద్యార్థుల ఫీజులు కడతామని అప్పటికే సెంటర్‌తో మాట్లాడుకుంటోంది. "మనకెందుకు మేడమ్ ఈ పరేషాన్? సిలబస్ చెప్పుకుందాం" అన్నాడాయన. అన్నేళ్ళు ఆవిడ పేరు చెప్పి అడ్మిషన్లు తెచ్చుకున్న మనిషి! మేడమ్ చాక్‌పీసు బల్ల మీద పెట్టి వచ్చేశారు. ఆ తర్వాత సాయంత్రాలు లైబ్రరీ ఆవరణలో కూర్చుని, వచ్చినవాళ్ళకు ఫీజు లేకుండా ఉట్టిగానే చెప్పారు.

చివరి నెలల్లో ఆవిడకు ఒకటే పట్టుదల. కమిటీ నివేదిక ఇచ్చేలోపు ఆ అభిప్రాయాలు వెనక్కి తీసుకోవాలి. ఎండలో కమిటీ ఆఫీసు చుట్టూ తిరిగారు. రాసినవాళ్ళు స్వయంగా వచ్చి సంతకం పెడితే తప్ప మార్చడం కుదరదన్నారు. పిల్లలేమో భయపడ్డారు. ప్రభుత్వానికి ఎదురు నిలబడినట్టు ఎక్కడైనా పేరు ఎక్కితే, రేపు ఉద్యోగం వచ్చినప్పుడు పోలీసు విచారణలో అడ్డు తగులుతుందని వాళ్ళ గుబులు. మేడమ్ ఎవరినీ బలవంతపెట్టలేదు. "ఇంట్ల అమ్మానాయిన వీండ్ల మీదనే పెట్టుకున్నరు. ఎట్ల రమ్మంట?" అన్నారు నాతో. అన్నారు గానీ, ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ మొహం చూడలేకపోయాను.

దహనానికి ఆ డైరెక్టర్ కూడా వచ్చాడు. మంచి టీచర్, కాకపోతే కొంచెం ఆవేశం అన్నాడు. ఆవేశమట! ఒక తల్లి కడుపుకోత చూసి మనిషికి ఆవేశం రాకపోతే ఇంకేం రావాలి? డబ్బు తీసుకున్నవాళ్ళు నిదానంగా మాట్లాడతారు, పాపం, వాళ్ళకు తొందరేముంది.

దహనమైన మర్నాడు నాకు ఆ స్నేహితురాలి నుంచి మళ్ళీ ఫోన్. "కమిటీ ఆఫీసు కాడికి జల్దీ రా" అంది. సెలవు పెట్టి వెళ్ళాను. ప్రభుత్వోద్యోగిని కదా, గేటు దాకా పోలేక రోడ్డుకు ఇవతల నా బండి దగ్గర నిలబడ్డాను. సిగ్గుగానే ఉంది. అవతల కమిటీ ఆఫీసు ముందు పిల్లలు వరసలో నిలబడి ఉన్నారు. ఎవరూ పిలవలేదు, ఎవరూ జెండా పట్టలేదు. పరీక్షా కేంద్రం ముందు నిలబడే అలవాటు కాబట్టి ఎవరూ చెప్పకుండానే వరస కట్టారు, చేతుల్లో ఆధార్ కార్డులు, నీలం పెన్నులు. లోపలి నుంచి గుమాస్తా వచ్చి విసుగ్గా, "ఏంది, ఏం పని? ఇంతమంది ఎందుకొచ్చిండ్రు?" అని అడిగాడు. ముందున్న బక్కపల్చని అమ్మాయి దుపట్టా సర్దుకుని, రోడ్డుకు ఇవతల ఉన్న నాకు కూడా వినపడేలా చెప్పింది:

"జవాబు తప్పు రాసినం సార్. దిద్దుకుందామని వచ్చినం."